జేబు తియ్యకు

కత్తెర ముందు పట్టకూడదు.
పని నేర్పిన రాజాం పెద్దమ్మ మొదటిరోజే చెప్పింది:
పాతగుడ్డకి విప్పుడు ముందు, కోత తర్వాత.
అందుకే నా దగ్గర ఒక బ్లేడుముక్క ఉంటుంది,
సగానికి పీలిక చుట్టినది,
దారాన్ని తప్ప దేన్నీ కొరకనిది.

నెల్లిమర్లలో రైలుగేటు దాటాక
రేకులషెడ్డు, ఒక కాలిమిషను, ఒక బల్ల.
కొత్తగుడ్డ నా గుమ్మం ఎక్కడం తక్కువ.
అప్పచెల్లెళ్ళ మధ్య చేతులు మారిన లంగాలు,
స్టీలుగిన్నెల గంగులమ్మ బేరంలో మిగిలిపోయిన ప్యాంట్లు,
హోంగార్డు ఒంటిమీంచి దిగి
కొడుక్కి బడిసంచీ కావాల్సిన ఖాకీ.
బొబ్బిలి పెళ్ళిలో ఒక్కపూట కట్టిన చీర కూడా వచ్చిందోసారి.
దాన్ని కొయ్యడానికి రెండ్రోజులు చెయ్యి రాలేదు.

విప్పితేనే తెలుస్తుంది.
పైన ఎండకి వెలిసి బూడిదైన చొక్కా
కుట్టు మడతలో మాత్రం
కొన్ననాటి రంగులోనే ఉంటుంది.
అర అంగుళం నీలం.
ఏ సబ్బూ చేరని, కట్టుకున్నవాడూ చూడని నీలం.
నాకు ఆ అర అంగుళం మీద ఆశ.
వీలైతే బట్ట తిరగేసి
దాన్ని వెలుతురులోకి తెస్తాను.
వీలవదు చాలాసార్లు.

మొన్న సోమవారం దాలమ్మ వచ్చింది,
చంకలో మొగుడి మిల్లు చొక్కా.
బల్లమీద దులిపితే జనపనార నూగు లేచి
ఇద్దరం తుమ్మాం.
మిల్లు గేటుకి తాళం పడి ఎన్నాళ్ళయిందో,
కుట్లలోంచి నూగు ఇంకా దిగలేదు.

"ఆడు సెన్నైలో వాచ్‌మేనప్పా,
ఆడికి అక్కడోళ్ళే డ్రెస్సిచ్చినారు.
నాను రొయ్యల కంపెనీకి ఎల్తన్నాను,
తెల్లారగట్ల ఏనొస్తాది.
దీన్ని నాకు రవికె సేసీయి."

టేపు తీశాను. ఛాతీ ముప్పైనాలుగు, భుజం పద్నాలుగు.
అలవాటు కొద్దీ బ్లేడుముక్క జేబు మూలకి ఆనింది.

"జేబు తియ్యకు."

రవికెకి జేబేటి దాలమ్మా,
పవిట కింద ఎవుడు సూస్తాడు?

"ఎవుడూ సూడకూడదనే."

ఇరవై ఏళ్ళు వారం వారం జీతం దిగిన జేబు అది.
ఉతికే ముందు తప్ప
ఆమె చెయ్యి దాన్లోకి వెళ్ళింది లేదు.
వెళ్తే తగిలేవి: బీడీకట్ట, లాటరీ చీటీ,
ఒకసారి తడిసి ఉండకట్టిన పదిరూపాయలు,
దాన్ని పెనం మీద ఆరబెట్టి మళ్ళీ ఆయనకే ఇచ్చిందట.
ఆమె డబ్బుకి ఇల్లు బొడ్డుముడి,
లేకపోతే పప్పుడబ్బా అడుగు.
నవ్వుకుంటూనే చెప్పింది ఇదంతా.
నేను కండెకి దారం చుడుతూ విన్నాను.

ఎడమ చంక కింద, లోపలివైపు కుట్టాను.
పాత కుట్టు పోయినచోట బెజ్జాల వరస,
చీమలు నడిచి వెళ్ళిపోయిన దారిలా.
సూది ఆ బెజ్జాల్లోకి పోదు.
పక్కనే తన దారి తను పొడుచుకుంటుంది.
కాజాపట్టీలోంచి ఒక కాజా కోసి
జేబుకి మూత పెట్టాను. బొత్తాం ఆయనదే.

తొడుక్కుని చూసుకుంది తలుపు చాటున.
బయటికొచ్చి పవిట కిందనుంచి చెయ్యి పెట్టి
ఉత్తినే అక్కడ ఉంచింది కాసేపు.
చలికి కాదు, మంచి ఎండ.

బొడ్డుముడి విప్పి యాభై నోటు ఇచ్చింది.
నేను తిరిగిచ్చిన పది
ముడిలోకి వెళ్ళలేదు.

ఈ వారంలో నాలుగు చొక్కాలొచ్చాయి.
అందరిదీ ఒకటే మాట, జేబు తియ్యకు.
వాటిలో ఒకటి మాత్రం
మొగుడికి తెలీకుండా వచ్చిందని నా అనుమానం,
కాలరు దగ్గర చెమట ఇంకా ఆరలేదు.

అడగలేదు.
బ్లేడుముక్క తీశాను.